ఆ చీర కోసింది ఎవరు?

మా అక్క కొడుకు చెన్నైలో ఓఎంఆర్ అనే రోడ్డు మీదున్న ఒక కాలేజీలో చదువుతున్నాడు. ఆదివారమైతే హాస్టల్ నుంచి సాలిగ్రామంలో మా ఇంటికొచ్చేస్తాడు. వాడికి కావలసింది నేను కాదు, నెల్లూరు చేపల పులుసు. పోయిన నెల ఒక ఆదివారం కంచం ఒళ్లో పెట్టుకుని, ఫోన్‌లో సిరీస్ చూస్తూ తింటున్నవాడు ఉన్నట్టుండి ఆగిపోయాడు. వేళ్లకంటిన మెతుకులు ఎండిపోతున్నా తెలియడం లేదు.

“పిన్నీ, ఒకడి ఒంట్లో రాక్షసుడున్నాడు. వీడు స్పృహ తప్పినప్పుడు వాడు లేచాడు. వీడి చేతుల్తోనే జనంతో సహా వీధులకు వీధులు నేలమట్టం చేశాడు. పనయ్యాక ‘ఇదిగో, కళ్లారా చూసుకో’ అన్నట్టు ఒళ్లు వీడికి తిరిగిచ్చేశాడు. ఇప్పుడు హంతకుడెవడు?”

“ముందు చెయ్యి కడుక్కుని రారా” అన్నాను. ఎంత సరైన చోట ఆ మాట పడిందో కాసేపటికి గానీ నాకే తట్టలేదు.

డబ్బింగ్‌కి తెలుగు మాటలు రాయడం నా పని. ఈమధ్య నా దగ్గరికొచ్చే సరుకులో ఒంట్లో రాక్షసుణ్ణి మోసే హీరోలు ఎక్కువయ్యారు. వాళ్లలో కొందరు మంచివాళ్లు, కొందరు అసలు సిసలు దుర్మార్గులు. కాబట్టి వాడి ప్రశ్న నాకు రోజూ ఎదురయ్యేదే. ఈ ‘నేను’ అన్నది ఎవరు?

వాడు చూస్తున్నది జుజుత్సు కైసెన్. గెగె అకుటమి గీసిన జపనీస్ బొమ్మల కథ, 2018 నుంచి 2024 దాకా వారపత్రికలో నడిచింది. దాన్నే సిరీస్‌గా తీశారు. అందులో ఇటదోరి యూజి అనే కుర్రాడు స్నేహితుల్ని కాపాడటానికి ఒక వేలు మింగేస్తాడు. అది వెయ్యేళ్ల నాటి సుకున అనే మాంత్రికుడి వేలు. ఆ మాంత్రికుడు చచ్చి శాపంగా మిగిలాడు. వాడికి నాలుగు చేతులు, అంటే 20 వేళ్లు. పెద్దలు కుర్రాడికి మరణశిక్ష వేస్తారు, కాకపోతే 20 వేళ్లూ వాడి చేత మింగించాక అమలు చేద్దామని వాయిదా వేస్తారు. మావాడు ఆగిపోయిన చోటు టోక్యోలోని షిబుయాలో జరిగే మారణహోమం.

ముందు ఒక మాట సరిచేసుకోవాలి. ఇలాంటి కథానాయకుణ్ణి యాంటీ హీరో అంటారు. తెలుగులో కొందరు దాన్ని ‘ప్రతినాయకుడు’ అని రాస్తున్నారు. అది కుదరదు. అలంకారశాస్త్రం లెక్కలో ప్రతినాయకుడంటే నాయకుడికి ఎదురు నిలిచేవాడు, రాముడికి రావణుడిలాగా. యాంటీ హీరో ఎవరికీ ఎదురు నిలవక్కర్లేదు. నాయకుడి పీట మీదే కూర్చుంటాడు, ఆ పీటకు తగిన గుణాలు మాత్రం ఉండవు. మనకు దీనికి అచ్చమైన మాట లేదు, ఉన్నదాన్ని వంకరగా వాడటం కంటే యాంటీ హీరో అనేసుకోవడమే మేలు.

విలన్‌ని ఇష్టపడటం మనకేం కొత్త కాదు. 1951లో వచ్చిన పాతాళభైరవిలో నేపాళ మాంత్రికుడిగా ఎస్వీ రంగారావు తెర మీదున్నంతసేపూ తోట రాముడెక్కడున్నాడో ఎవరికి కావాలి? అది తీసిన వాహినీ స్టూడియో మాకు దగ్గర్లోనే, వడపళనిలో ఉండేది. ఆ నేల మీద ఇప్పుడు మాల్ ఉంది, మావాడు సినిమాకెళ్లేది అక్కడికే. అయితే ఆ మాంత్రికుణ్ణి మనం తోట రాముడి పక్కన నిలబడి చూశాం. ఈ కొత్త కథలు చేసే పనల్లా కెమెరాను తీసుకెళ్లి మాంత్రికుడి కళ్ల వెనక పెట్టడం. అక్కణ్ణుంచి చూస్తే ఏ పనికైనా ఓ కారణం కనిపిస్తుంది. చిక్కంతా అక్కడే.

ఆ చిక్కుకు రాక్షసుడు తోడైతే ఇంకో ముడి పడుతుంది. తెలుగులో దేవత పూనుతుంది, దయ్యం పడుతుంది, గాలి సోకుతుంది. మూడూ ఒకటి కావు. అమ్మవారు పూనిన మనిషి కాళ్ల మీద నీళ్లు పోసి, ఏం కావాలి తల్లీ అని అడుగుతాం. పూనకం దిగాక, ఇందాక ఎందుకలా తిట్టావని ఆమెను నిలదీసేవాళ్లెవరూ ఉండరు. దయ్యం పట్టినదాని లెక్క వేరు. దయ్యం చేసిన పని దయ్యం ఖాతాలోనే వేస్తాం గానీ, అది పట్టడానికి కారణం మాత్రం పట్టిన మనిషి మీదే పెడతాం. మిట్టమధ్యాహ్నం చింతచెట్టు కిందికి ఎవరు వెళ్లమన్నారు? జుట్టు విరబోసుకుని గుమ్మంలో ఎందుకు కూర్చున్నావు? మా అమ్మమ్మ న్యాయం ఇది. పని దయ్యానిదే, తలుపు తీసింది మాత్రం మనిషి.

నవ్వుకోవచ్చు గానీ, చట్టం కూడా ఇంచుమించు ఇదే లెక్క చూస్తుంది. 2024 జులై 1 నుంచి అమల్లోకొచ్చిన భారతీయ న్యాయ సంహితలో 23వ సెక్షన్ మత్తు గురించి. తనకు తెలియకుండానో తన ఇష్టానికి విరుద్ధంగానో ఎవరైనా మత్తు ఎక్కిస్తే, ఆ మత్తులో చేస్తున్నదేమిటో తెలియని స్థితిలో చేసిన పని నేరం కాదు. తానుగా తాగినవాడికి ఆ రక్షణ లేదు. యూజి వేలు తానుగా మింగాడు. ఎందుకు మింగాడన్నది వేరే సంగతి.

తలుపు అనగానే నాకు నలుడు గుర్తొస్తాడు. భారతంలోని నలోపాఖ్యానాన్ని మనం హంస రాయబారం, స్వయంవరం దగ్గర ఆపేసి ముచ్చటపడతాం. శ్రీనాథుడు కూడా ఆ శృంగార భాగాన్నే పట్టుకున్నాడు. అసలు చీకటి దాని తర్వాత మొదలవుతుంది. దమయంతి దేవతల్ని కాదని మనిషిని వరించిందన్న కోపంతో కలి, అంటే కలియుగానికి అధిపతి, నలుణ్ణి ఆవహించాలనుకుంటాడు. సందు దొరకదు. కాచుకుని కూర్చుంటాడు. 12వ ఏట దొరుకుతుంది. ఒక సాయంత్రం నలుడు మూత్రవిసర్జన చేసి, కాళ్లు కడుక్కోకుండా ఆచమించి సంధ్యకు కూర్చుంటాడు. అంతే, కలి లోపలికి వచ్చేస్తాడు.

ఇది చెబితే మావాడు పగలబడి నవ్వాడు. “కాళ్లు కడుక్కోకపోతే రాక్షసుడొచ్చేస్తాడా? మరి నా హాస్టల్ రూమ్‌లో ఎంతమంది ఉండాలి?”

నవ్వొచ్చేంత చిన్న తప్పు కావడంలోనే ఉంది పనితనమంతా. నలుడు పెద్ద పాపం చేసి ఉంటే అది కర్మఫలం అయ్యేది, మనం తీర్పు చెప్పేసి పక్కకు తప్పుకునేవాళ్లం. ఏ తప్పూ లేకుండా కలి దూరి ఉంటే నలుడు వట్టి బాధితుడు, మనం జాలిపడి తప్పుకునేవాళ్లం. కాళ్లు కడుక్కోకపోవడమనేది ఈ రెండింటికీ అందదు. రాక్షసుడు పట్టిన నాయకుడి కథ మంచిదా కాదా అని నేను చూసేది ముందు ఇక్కడే. తలుపు మరీ పెద్దదిగా తెరిచి ఉన్నా, అసలు తలుపే లేకపోయినా రెండు మూడు సీజన్లకే సరుకు అయిపోతుంది.

తర్వాత జూదం. ఎదురుగా పుష్కరుడు, సొంత తమ్ముడు. పాచికల్లో కలికి తోడుగా వచ్చిన ద్వాపరుడు దూరి ఉన్నాడు. నెలల తరబడి ఆట. పౌరులొచ్చి వాకిట నిలబడినా, దమయంతి ఏడ్చినా నలుడు పలకడు. పిల్లలిద్దర్నీ ఆమె సారథి వార్ష్ణేయుడికిచ్చి పుట్టింటికి పంపేస్తుంది. రాజ్యమంతా పోయాక పుష్కరుడు నవ్వుతూ, ఇక మిగిలింది దమయంతే, ఒడ్డుతావా అంటాడు. నలుడికి గుండె పగిలినంత పనవుతుంది. మాట్లాడడు. ఒంటి మీది నగలన్నీ తీసి పడేసి, ఒంటి బట్టతో లేచి వెళ్లిపోతాడు.

ఇక్కడ కథ ఎవరు ఎవరికి చెబుతున్నారో గుర్తు చేసుకోవాలి. అరణ్యవాసంలో ఉన్న ధర్మరాజుకు బృహదశ్వుడనే ముని ఓదార్పుగా చెబుతున్నాడు. కలి పట్టిన నలుడు భార్యను ఒడ్డలేదు. ఏ కలీ పట్టని ధర్మరాజు ఒడ్డాడు. ముని ఆ మాట అనడు, అనక్కర్లేదు కూడా. ఓదార్పు ముసుగులో ఇంత పదునైన దెబ్బ కొట్టిన సన్నివేశం నాకు ఇంకెక్కడా తగల్లేదు. రాక్షసుడు ఎంత లోపలున్నా చేయించలేని పని ఒకటుంటుంది. ఆ ఒక్కటి చూస్తే చాలు, ఒంట్లో మనిషి ఇంకా మిగిలి ఉన్నాడో లేదో తెలుస్తుంది. ఆ గీత ఎక్కడ గీయాలో తెలియని రచయిత రాక్షసుడి చేత అన్నీ చేయించేస్తాడు. అప్పుడు చూడ్డానికి రాక్షసుడే మిగులుతాడు, వాడేమో ఎప్పుడూ ఒకేలా ఉంటాడు.

నలుడు ఒడ్డలేదు సరే, తర్వాత చేసిందేమిటి? అడవిలో పిట్టల్ని పట్టబోతే అవి అతని ఒంటి బట్ట ఎత్తుకుపోతాయి. ఇద్దరూ ఆమె చీరే చుట్టుకుని ఒక పాడుబడిన సత్రం చేరి, కటిక నేల మీద పడుకుంటారు. ఆమె అలసి నిద్రపోతుంది, అతనికి నిద్ర రాదు. వదిలేస్తే పుట్టింటికైనా చేరుతుంది, నాతో ఉంటే కష్టాలేగా అనుకుంటాడు. వినడానికి మంచి ఆలోచనే. కలి పట్టినవాడి ఆలోచనలన్నీ అలాగే మంచిగా ఉంటాయి. కలిసి కట్టుకున్న బట్ట చింపాలి, ఆమె లేవకూడదు, ఎలా? అటూ ఇటూ చూస్తే సత్రం మూల ఒరలేని కత్తి ఒకటి పడి ఉంటుంది. దాంతో సగం చీర కోసుకుని బయటపడతాడు.

వెళ్లి తిరిగొస్తాడు. ఆమెను చూసి ఏడుస్తాడు. మళ్లీ వెళ్తాడు. మళ్లీ వస్తాడు. కలి అటు లాగితే ప్రేమ ఇటు లాగుతోందనీ, గుండె రెండుగా చీలినట్టై ఉయ్యాలలా అటూ ఇటూ తిరిగాడనీ సంస్కృత భారతంలో ఉంది. ఆ ఉయ్యాల ఒక్కటి చాలు. వెయ్యి పేజీల డార్క్ ఫాంటసీ, అంటే చీకటి నిండిన మాయల కథ, చేసేది కూడా అదే, సత్రం గుమ్మం దగ్గర ఉయ్యాలను ఆగనివ్వకుండా ఊపుతూ ఉండటం.

ఆ కత్తి సంగతి వచ్చింది కాబట్టి ఎల్రిక్ గురించి కూడా చెప్పాలి. బ్రిటిష్ రచయిత మైకేల్ మూర్‌కాక్ 1961లో మొదలుపెట్టిన కథలివి. ఈ బాపతు నాయకులకు ఇతను పెద్దన్నలాంటివాడు. పాలిపోయిన ఒళ్లు, మందులు లేకపోతే నిలబడలేని నీరసం, కూలిపోతున్న సామ్రాజ్యానికి చివరి రాజు. అతని చేతిలోని నల్ల కత్తి మనుషుల ప్రాణాల్ని తాగి ఆ బలాన్ని అతనికిస్తుంది. మొదటి కథలోనే తన రాజధాని మీదికి తానే శత్రువుల ఓడల్ని నడిపించుకొస్తాడు, ప్రేమించిన అమ్మాయి ఆ కత్తికే బలైపోతుంది. ఇతను నలుడికి తిరగేసిన బొమ్మ. నలుడికి లోపల ఎవరో ఉన్నట్టు తెలియదు. ఎల్రిక్‌కి అన్నీ తెలుసు, కత్తి పారేయాలని ఉంటుంది, పారేస్తే నిలబడలేడు. వ్యసనం అంటే ఇదేగా. చిట్టచివర కత్తి అతణ్ణే పొడిచి, రాక్షసరూపంలో పైకి లేచి, నీకంటే నేను వెయ్యి రెట్లు చెడ్డదాన్నని చెప్పి పోతుంది. ఇది ఎల్రిక్‌కి క్షమాపణా, లేక వెక్కిరింపా? నేనింకా తేల్చుకోలేదు.

మరి నిజంగా దుర్మార్గుడైతే? ఆదిపర్వంలో కల్మాషపాదుడున్నాడు. ఇరుకు దారిలో వసిష్ఠుడి కొడుకు శక్తి ఎదురొస్తే, తప్పుకోలేదని కొరడాతో కొట్టిన రాజు. నరమాంసం తింటూ తిరుగుదువు గాక అని శక్తి శపిస్తాడు. అదే అదను అనుకుని, వసిష్ఠుడితో వైరమున్న విశ్వామిత్రుడు కింకరుడనే రాక్షసుణ్ణి రాజులోకి పంపుతాడు. ఆకలితో వచ్చిన బ్రాహ్మడికి రాజు మాంసం పంపిస్తానని మరిచిపోయి, అర్ధరాత్రి గుర్తొచ్చి వంటవాణ్ణి లేపుతాడు. మాంసం లేదంటే మనిషి మాంసమైనా సరే వండి పంపమంటాడు. ఆ బ్రాహ్మడూ శపిస్తాడు. రాజు మొట్టమొదట తినేది శక్తినే, తర్వాత మిగిలిన వసిష్ఠుడి కొడుకుల్ని. ఇక్కడ తప్పు పంచడం మొదలుపెడితే ఎంతమంది వాటాదార్లో లెక్క చూడండి. కొరడా ఎత్తినవాడు, నోరు జారిన తపస్వి, చాటు నుంచి రాక్షసుణ్ణి తోలిన ఇంకో తపస్వి, ఎదురు చెప్పకుండా వండిపెట్టిన వంటవాడు. రాక్షసుడి వాటా అన్నిటికంటే చిన్నదేమో అనిపిస్తుంది. 12 ఏళ్ల తర్వాత మంత్రజలం చల్లి ఆ రాజును విడిపించేది ఎవరనుకున్నారు? కొడుకులందర్నీ పోగొట్టుకున్న వసిష్ఠుడే.

ఇలా పంచే అలవాటు మనకు బేతాళుడు నేర్పిందే. చందమామ 1947లో ఈ మదరాసులోనే పుట్టింది, నెల నెలా శవం భుజానికెత్తుకున్న విక్రమార్కుణ్ణి మన ఇంటికి పంపింది. బేతాళ కథల్లో ఒకటుంది. గద్ద పామును తన్నుకుపోతూ చెట్టు మీద వాలుతుంది, చచ్చిన పాము నోట్లోంచి విషం కింద ఓ బ్రాహ్మడి అన్నంలో పడుతుంది. తిని అతను చస్తాడు. పాపం పాముదా, గద్దదా, అన్నం పెట్టిన ఇల్లాలిదా? వీళ్లెవరిదీ కాదు, ఆలోచించకుండా వీళ్లలో ఒకరిది అని చెప్పినవాడిదే అంటాడు రాజు. యాంటీ హీరో కథలు చూసి వెంటనే పక్షం పట్టేవాళ్లందరికీ ఈ కథ మూడుసార్లు చదివించాలనిపిస్తుంది నాకు.

ఇక నా వృత్తి బాధ. ఒకే నోట్లోంచి మనిషీ మాట్లాడాలి, రాక్షసుడూ మాట్లాడాలి. తెర మీద పెదాలు కలిసిన చోట నా మాటలోనూ ‘ప’, ‘బ’, ‘మ’లలో ఏదో ఒక అక్షరం పడాలి. రాక్షసుడనగానే అందరికీ గ్రాంథికమే గుర్తొస్తుంది. ‘ఓరీ మానవాధమా’ అని రాస్తే డబ్బింగ్ థియేటర్‌లో ఇంజనీరే ముందు నవ్వుతాడు. గొంతు బొంగురు చేయిస్తే రెండు ఎపిసోడ్లకు ఆర్టిస్టు గొంతు పోతుంది. కొన్నాళ్లు తంటాలు పడి నేనొక చిన్న కిటుకు పట్టుకున్నాను. అదే గొంతు, అదే యాస, అదే వాడుక భాష, వరసలు మాత్రం ఉండవు. తెలుగువాడు దారిన పోయేవాణ్ణి కూడా అన్నా అనో, పెద్దాయనా అనో, అమ్మా అనో పిలుస్తాడు. రాక్షసుడు ఆ నోటితో ఎవర్నీ ఏ వరసతోనూ పిలవడు. నిన్నటిదాకా ‘అమ్మా, అన్నం పెట్టు’ అన్నవాడు ‘అన్నం పెట్టు’ అంటే చాలు. తల్లి పాత్రకు డబ్బింగ్ చెప్పే ఆవిడ ఓసారి రిహార్సల్‌లో ఆ లైను విని కాగితం కింద పెట్టేసింది. “ఏంటమ్మా ఇది, ఒళ్లు జలదరించింది” అంది.

కలి అయితే ఇంకా గడుసు. నలుడి లోపలున్నన్నాళ్లూ నలుడి నోటితో ఒక్క మాటా పలకడు. పైకి నలుడు నలుడిలాగే, అదే అందంతో కనిపిస్తాడు. తర్వాత కర్కోటకుడనే పాము కాటేసి అతణ్ణి కురూపి బాహుకుణ్ణి చేస్తుంది. నిజానికి ఆ విషం లోపలున్న కలిని కాల్చడానికే. అంటే అందంగా ఉన్నప్పుడు రాక్షసుడిది పైచేయి, వికారంగా మారాక మనిషిది. తెర మీద రాక్షసుడు లేవగానే కొమ్ములో, అదనంగా కళ్లో మొలిపించే మా బొమ్మల కథలన్నీ దీనికి సరిగ్గా తలకిందులు.

కలి బయటికొచ్చే తీరు మరీ విచిత్రం. మంత్రగాడు లేడు, వేపమండలు లేవు. రథం తోలే బాహుకుడికి ఋతుపర్ణ మహారాజు దారిలో ఒక తాని చెట్టు చూపించి, దాని ఆకులూ కాయలూ ఎన్నో చూపుతోనే చెబుతాడు. నలుడు నమ్మడు, రథం ఆపి లెక్కపెట్టి చూస్తాడు. సరిపోతుంది. ఆ విద్య నాకు చెప్పమంటాడు. అది అక్షహృదయం, పాచికల లోగుట్టు. ఏ ఆటలో నాశనమయ్యాడో ఆ ఆట లెక్క తెలిసిన క్షణంలో కలి విషం కక్కుకుంటూ బయటపడి, శపించవద్దని బతిమాలుకుని, ఆ తాని చెట్టులో దూరిపోతాడు.

అప్పటికి మావాడు చెయ్యి కడుక్కొచ్చి నా పక్కన కూర్చున్నాడు. ఫోన్ బోర్లా పెట్టి ఉంది.

“చివర్లో దమయంతి దొరికాక ఏం చెబుతాడు పిన్నీ?”

రాజ్యం పోవడం నేను చేసింది కాదు, నిన్ను వదిలేసిందీ నేను కాదు, అంతా కలి చేశాడంటాడు. ఆ వెంటనే, నువ్వు రెండో స్వయంవరం ఎలా చాటించావని ఆమెనే నిలదీస్తాడు. నిన్ను రప్పించడానికి వేసిన ఎత్తు అది అని ఆమె ప్రమాణం చేస్తుంది. వాయుదేవుడు ఆకాశం నుంచి ఆమెకు సాక్ష్యం చెబుతాడు.

“మరి వీడికి సాక్ష్యం?”

కలి బయటికొచ్చినప్పుడు రథం దగ్గర ఋతుపర్ణుడున్నాడు, వార్ష్ణేయుడున్నాడు. నలుడు తప్ప ఎవరూ కలిని చూడలేదని భారతం పనిగట్టుకుని చెబుతుంది.

వాడు కాసేపు ఊరుకున్నాడు. తర్వాత ఫోన్ తిప్పి, ఇందాక ఆపిన చోటికి కాస్త ముందుకెళ్లి, యూజి మోకాళ్ల మీద కూలబడ్డ బొమ్మ దగ్గర మళ్లీ మొదలుపెట్టాడు.